నొక్కితే గట్టిగా ఉంది... మరి ఆగుతుందా?

పాత మౌంటెన్ బైకుల కాంటిలివర్ బ్రేకును కొందరు తిట్టిపోస్తారు, కొందరు ప్రాణంగా చూసుకుంటారు. ముల్చేర, సిరొంచ లాంటి వాగుల దారుల్లో ఈ తగవు ఇంకా తేలాల్సిందే. దాని గుట్టు చక్రం మీద వంగి ఉండే ఒక చిన్న తీగలో ఉంది.

వానాకాలం వచ్చిందంటే ముల్చేర తాలూకాలో సైకిలుకు నీళ్లు తగలని రోజు అరుదు. తారు రోడ్డు దిగితే బురద, బురద దాటితే వాగు, వాగు గట్టెక్కితే కంకర. ఈ తాలూకా ఉన్న మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో నాలుగింట మూడు వంతులు అడవే. జిల్లా కేంద్రం నుంచి దక్షిణ కొసన, ప్రాణహిత గోదావరిలో కలిసే చోట ఉన్న సిరొంచకు 200 కిలోమీటర్ల దాకా ఉంటుంది. తూర్పున పర్లకోట నది పొంగి భామ్రాగఢ్‌కు రాకపోకలు తెగిపోవడం వానాకాలంలో తరచూ వినే వార్త. తెలుగు, మరాఠీ, గోండీ, బెంగాలీ కలిసి వినిపించే ఈ నేల మీద సైకిలు తొక్కేది సరదాకు కాదు. బడికి, సంతకు, చేనుకు, దవాఖానాకు పోవడానికి. అందుకే దాని బ్రేకు ఎలా పడుతుందన్నది ఇంటిల్లిపాదికీ పట్టే విషయం.

ఆ బ్రేకుల్లో ఒకదాని మీద సైకిలు లోకంలో నాలుగు దశాబ్దాలుగా తెగని వాదన నడుస్తోంది. అదే కాంటిలివర్. పాత మౌంటెన్ బైకులకు (ఎంటీబీలకు) ఉండేది ఇదే. మన బజార్లలోకి 1990లలో రేంజర్ తరహా లావు టైర్ల సైకిళ్లు వచ్చాక చాలామంది ఈ రకం బ్రేకును తొలిసారి చూశారు.

పట్టు చాలదని కొందరంటారు. దాని కీచు అరుపు భరించలేమని కొందరు. సర్దాలంటే మెకానిక్కుకు కూడా ఓపిక చాలదని ఇంకొందరు. అటు పక్కన, బురదలో దీన్ని మించింది లేదనేవాళ్లున్నారు. సామాను వేసుకుని దూరప్రయాణాలు చేసినా మొరాయించలేదని దీన్ని ఇప్పటికీ విప్పనివాళ్లున్నారు. వీళ్లలో ఎవరి మాటా అబద్ధం కాదు. ఒకే బ్రేకు ఒక సైకిలు మీద రెండు వేళ్లతో ఆపేస్తుంది, మరో సైకిలు మీద నాలుగు వేళ్లు బిగించినా జారుకుంటూ పోతుంది. ఆ తేడా తెచ్చేది కంపెనీ పేరు కన్నా దాన్ని బిగించిన తీరు.

రెండు చేతులు, ఒక అడ్డ తీగ

ముందు ఫోర్కు రెండు కాళ్ల మీద చెరొక ఇనుప బుడిపె అతికించి ఉంటుంది. ఒక్కో బుడిపెకు ఒక్కో చెయ్యి. చేతికి లోపలి వైపు రబ్బరు షూ. రెండు చేతుల కొసలనూ కలుపుతూ టైరు మీదుగా ఒక చిన్న అడ్డ తీగ. ఆ తీగ నడుమ యోక్ అనే కొక్కెం. హ్యాండిల్ నుంచి దిగిన కేబుల్ ఆ కొక్కేన్ని పైకి లాగుతుంది. కొక్కెం లేవగానే అడ్డ తీగ బిగుసుకుంటుంది, చేతులు దగ్గరకు వస్తాయి, షూలు రిమ్మును రెండు పక్కల నుంచీ పట్టుకుంటాయి. వెనక చక్రానికీ ఇదే ఏర్పాటు, సీటు నుంచి ఇరుసు దాకా దిగే గొట్టాల మీద.

మన పెద్దల కాలం నల్ల సైకిలుది కడ్డీ బ్రేకు. హ్యాండిల్ నుంచి ఇనుప కడ్డీలు దిగి, రిమ్ము లోపలి అంచుకు షూలను ఆనించేవి. మద్రాసు అంబత్తూరులో 1949లో మొదలైన టీఐ సైకిల్స్, సోనీపత్‌లో 1951లో వచ్చిన అట్లాస్, లూధియానాలో 1956లో వెలసిన హీరో, ఈ మూడూ ఊరూరికీ చేర్చిన సైకిళ్లలో ఎక్కువ భాగం ఆ రకమే. కడ్డీ బ్రేకు మొరటుది, బరువైనది, కానీ దాన్ని సరిచేయడం ప్రతి పంక్చర్ షాపుకూ తెలుసు. కాంటిలివర్ వచ్చినప్పుడు ఆ తెలివిడి దానితోపాటు రాలేదు. దీని మీద వచ్చిన సగం ఫిర్యాదులకు మూలం అక్కడే ఉంది.

గ్రీజు పొగలోంచి

కాంటిలివర్‌ను కొండల కోసం కనిపెట్టలేదు. ఫ్రాన్స్‌లో మఫాక్ అనే కంపెనీ దూరప్రయాణాల సైకిళ్లకూ, ఇద్దరు కూర్చుని తొక్కే టాండెం సైకిళ్లకూ వీటిని తయారుచేసేది. ఇద్దరి బరువును ఆపాలంటే మామూలు బ్రేకు చాలదు కాబట్టి ఆ అవసరం వచ్చింది.

అది కొండలెక్కిన కథ అమెరికాది. కాలిఫోర్నియాలోని ఫెయిర్‌ఫాక్స్ దగ్గర 1976 అక్టోబర్ 21న కొందరు కుర్రవాళ్లు పాత లావు టైర్ల సైకిళ్లతో ఒక మట్టి దారిలో దిగుడు పందెం పెట్టుకున్నారు. రెండు మైళ్ల పైచిలుకు దూరంలో 1300 అడుగుల దిగుడు. ఆ సైకిళ్లకున్నది పెడల్ వెనక్కి తొక్కితే పట్టే హబ్ బ్రేకు. కిందికి చేరేసరికి హబ్బులోని గ్రీజు వేడికి పొగైపోయేది, ఇంటికి పోయి మళ్లీ కూరుకోవాల్సి వచ్చేది. అందుకే ఆ దారికి రీప్యాక్ అన్న పేరు నిలిచింది. వేడిని గాలికి వదిలేసే బ్రేకు, లావు టైరుకు అడ్డం రాని బ్రేకు వాళ్లకు కావాలి. టాండెం సైకిళ్ల మీద అది అప్పటికే ఉంది.

స్పెషలైజ్డ్ కంపెనీ 1981లో తెచ్చిన స్టంప్‌జంపర్ పెద్ద ఎత్తున తయారైన తొలి మౌంటెన్ బైకుల్లో ఒకటి. అది మఫాక్ కాంటిలివర్లతో వచ్చింది. ఆ వెంటనే జపాన్ కంపెనీ షిమానో డియోర్ ఎక్స్‌టీ పేరుతో మౌంటెన్ బైకులకే ప్రత్యేకంగా విడిభాగాల సెట్టు తయారుచేసింది. అందులోనూ కాంటిలివరే. నడుమ 1980ల చివర్లో యూ బ్రేకు అనే రకాన్ని వెనక చక్రానికి, పెడళ్ల వెనక కింది గొట్టాలకు బిగించి చూశారు. టైరు ఎగజిమ్మిన బురదంతా అక్కడే పేరుకునేది. కొద్ది ఏళ్లకే అది పక్కకు పోయింది, కాంటిలివర్ తిరిగొచ్చింది.

దాన్ని నిజంగా దించింది 1996లో షిమానో విడుదల చేసిన వీ బ్రేకు. మన షాపుల్లో పవర్ బ్రేకు పేరుతో అమ్మేది ఇదే. పొడుగాటి చేతులు, అడ్డ తీగ లేదు, యోక్ లేదు, కేబుల్ నేరుగా ఒక చేతి నుంచి మరో చేతికి. సర్దడం తేలిక, పట్టు దాదాపు హామీ. కొన్నేళ్లలోనే కొత్త ఎంటీబీల మీద కాంటిలివర్ కనబడకుండా పోయింది. తర్వాత డిస్క్ బ్రేకు వచ్చి వీ బ్రేకునూ వెనక్కి నెట్టింది. బురదలో, గడ్డిలో సైకిలు భుజాన వేసుకుని పరుగెత్తే సైక్లోక్రాస్ పోటీల్లో మాత్రం, 2010లో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య డిస్కులకు అనుమతి ఇచ్చేదాకా, కాంటిలివర్ గట్టిగా నిలబడింది.

దండెం చెప్పే లెక్క

సైకిలు కొనేటప్పుడు అందరూ చేసే పరీక్ష ఒకటుంది. నిలబెట్టి, హ్యాండిల్ మీది బ్రేకు లివర్ నొక్కి చూస్తారు. బిర్రుగా తగిలితే ‘బ్రేకు బాగుంది’ అంటారు. మెత్తగా వేళ్లలోకి వస్తే ‘లూజుగా ఉంది, బిగించు’ అంటారు. కాంటిలివర్ దగ్గర ఈ పరీక్ష చాలాసార్లు తలకిందులవుతుంది.

రెండు గుంజలకు కట్టిన దండేన్ని తలచుకోండి. తాడు వదులుగా బాగా కిందికి వేలాడుతుంటే, నడుమ తడి దుప్పటి వేసినా గుంజలు కదలవు. అదే తాడును లాగి అడ్డంగా బిగించి అదే దుప్పటి వేస్తే గుంజలు లోపలికి వంగుతాయి. దుప్పటి బరువు మారలేదు, తాడు వాలు మారింది. అడ్డ తీగ చేసే పని ఇదే, తలకిందులుగా.

కేబుల్ లాగే బలాన్ని 100 అనుకుందాం. యోక్ బాగా పైన ఉండి, అక్కడ తీగ రెండు పాయల మధ్య కోణం 60 డిగ్రీలైతే ఒక్కో పాయలో వచ్చే లాగుడు 58. యోక్‌ను దించి కోణాన్ని 90 చేస్తే 71. ఇంకా దించి 120 చేస్తే పూర్తిగా 100. అదే కేబుల్, అవే వేళ్లు, బలంలో ఇంత తేడా. ఈ బలం ఊరికే రాదు. యోక్ దిగినకొద్దీ షూను రిమ్ము దాకా తేవడానికి లివర్ ఎక్కువ దూరం రావాలి. వేళ్లకు మెత్తగా తగిలేది అందుకే. బిర్రుగా తగిలే లివర్ వెనక ఎత్తుగా బిగించిన యోక్, తక్కువ పట్టు ఉండే అవకాశం ఎక్కువ.

చేతుల ఆకారం కూడా లెక్కలోకి వస్తుంది. పాత మఫాక్ రకంలో చేతులు రెండు పక్కలకూ చాచి ఉంటాయి. వాటికి యోక్ ఎత్తు కాస్త అటూ ఇటూ అయినా పెద్ద తేడా రాదు. తర్వాత వచ్చిన రకాల్లో చేతులు నిటారుగా, ఫోర్కుకు దగ్గరగా ఉంటాయి. మడమ తగలకుండా, కొమ్మలకు చిక్కకుండా అలా మార్చారు. ఈ రకంలో యోక్ నాలుగు వేళ్ల ఎత్తు పెరిగితే చాలు, బ్రేకు సగం చచ్చిపోతుంది. ‘కాంటిలివర్ పట్టదు’ అనేవాళ్లలో చాలామంది తొక్కింది ఇలాంటి సైకిలే. అమెరికా మెకానిక్ షెల్డన్ బ్రౌన్, 2008లో చనిపోయేదాకా సైకిలు మరమ్మతు మీద ఎడతెగకుండా రాసినవాడు, ఈ కోణాల సంగతిని ప్రత్యేకంగా విడమరిచి చెప్పాడు.

లివర్ తెచ్చే చిక్కు వేరే ఉంది. వీ బ్రేకు కోసం చేసిన లివర్ ఒక్క నొక్కుకు దాదాపు రెట్టింపు కేబుల్ లాగుతుంది. కాంటిలివర్ సైకిలుకు విరిగిన లివర్ స్థానంలో షాపులో దొరికిందని దాన్ని పెడితే చేతికి బ్రహ్మాండంగా బిర్రుగా ఉంటుంది, పట్టు మాత్రం సగానికి పడిపోతుంది. పాత లివర్ ఉంచి వీ బ్రేకు పెట్టినా ఇబ్బందే. షూకు, రిమ్ముకు నడుమ చాలినంత సందు మిగలదు, కొద్దిగా నొక్కగానే చక్రం బిగుసుకుంటుంది.

ఇక రిమ్ము. తక్కువ ధర సైకిళ్లలో చాలావాటికి మెరిసే పూత వేసిన ఉక్కు రిమ్ములుంటాయి. తడిస్తే వాటి మీద రబ్బరు జారిపోతుంది. రిమ్మును పట్టే ఏ బ్రేకు పెట్టినా అంతే. అల్యూమినియం రిమ్ము తడిలో చాలా మెరుగు. వాగు దాటి వచ్చిన సైకిలు ఆగలేదంటే, నింద బ్రేకు మీద వేసే ముందు ఒక అయస్కాంతం ముక్కను రిమ్ముకు ఆనించి చూడాలి. అంటుకుంటే అది ఉక్కు.

అరుపు ఎందుకు, వణుకు ఎందుకు

కీచు అరుపుకు మందు తేలిక. షూ మొత్తం ఒక్కసారిగా రిమ్మును తాకితే అది అదిరి అరుస్తుంది. చక్రం తిరిగే దిశలో ముందుండే కొస ముందుగా తాకి, వెనక కొస వెంట్రుకవాసి ఆలస్యంగా తాకేలా వాలుగా బిగిస్తే అరుపు చాలావరకు పోతుంది. బిగించేటప్పుడు షూ వెనక కొస కింద పలచని అట్టముక్క పెట్టి, నట్టు బిగించాక లాగేయడం మెకానిక్కుల పాత పద్ధతి.

ముందు చక్రం వణుకు వేరే జబ్బు. గట్టిగా బ్రేకు పట్టగానే ఫోర్కు టకటకా కొట్టుకుంటుంది, హ్యాండిల్ చేతుల్లో ఊగుతుంది. చాలా సైకిళ్లలో ముందు కేబుల్ తొడుగు ఆనే కొక్కెం హ్యాండిల్ కింద, ఫోర్కు పై కొసన ఉంటుంది. బ్రేకు పడగానే ఫోర్కు కాస్త వెనక్కి వంగుతుంది. వంగగానే పై కొక్కేనికి, కింది యోక్‌కు మధ్య దూరం పెరుగుతుంది. అంటే వేళ్లు నొక్కకుండానే కేబుల్ ఇంకా బిగుసుకుంటుంది. బ్రేకు ఇంకా గట్టిగా పట్టి, రబ్బరు జారి, ఫోర్కు ముందుకు కొట్టుకొస్తుంది. మళ్లీ మొదలు. సెకనుకు ఎన్నోసార్లు ఇది జరుగుతుంది. కేబుల్ కొక్కేన్ని ఫోర్కు మీదే, టైరుకు కాస్త పైన బిగిస్తే ఆ దూరం పెద్దగా మారదు, వణుకు తగ్గుతుంది. సైక్లోక్రాస్ రైడర్లు ఎంచుకున్న దారి ఇదే.

బురద పక్షం

కాంటిలివర్‌ను మెచ్చుకునేవాళ్ల వాదనలో బలమైనది బురద గురించి. టైరుకు, బ్రేకు చేతులకు నడుమ చోటు ఎక్కువ. షూలను రిమ్ముకు కాస్త దూరంగా ఉంచినా పనిచేస్తాయి. వీ బ్రేకు షూలు రిమ్ముకు బాగా దగ్గరగా ఉండాలి. చక్రం కొద్దిగా వంకరపోయినా, బురద ముద్ద ఇరుక్కున్నా రాసుకుంటాయి. చువ్వలు సడలి చక్రం ఊగే సైకిలు మీద, పక్కన మెకానిక్ లేని దారిలో, ఈ చోటు చిన్న విషయం కాదు.

రెండో వాదన మరమ్మతు. కాంటిలివర్‌లో నూనె గొట్టాల్లేవు, సీలు వేసిన భాగాల్లేవు. మామూలు బ్రేకు కేబుల్, మామూలు రబ్బరు షూ, రెండు స్ప్రింగులు. 5 మిల్లీమీటర్ల ఆలెన్ కీ, 10 నంబరు పానా ఉంటే ఎక్కువ రకాలను విప్పి బిగించవచ్చు. హైడ్రాలిక్ డిస్క్ బ్రేకు పట్టులో దీన్ని చిత్తుగా ఓడిస్తుంది, అందులో సందేహం లేదు. దాని నూనె కారితే మాత్రం గడ్చిరోలిలో అహేరి, ఆలాపల్లి దాటాక ఎవరు బాగుచేస్తారన్నది అడగాల్సిన ప్రశ్న. తీగతో నడిచే డిస్క్ బ్రేకు కొంత మధ్యేమార్గం, దాని ప్యాడ్లు దొరికితే.

మెచ్చుకునేవాళ్లు కూడా ఒప్పుకోవాల్సిన లోపాలు రెండున్నాయి. షూ అరిగినకొద్దీ అది లోపలికీ, కిందికీ జరుగుతుంది. పట్టించుకోకపోతే ఒకరోజు రిమ్ము కిందికి జారి చువ్వల్లోకి దూరుతుంది. రెండోది ఇంకా ప్రమాదం. ముందు కేబుల్ తెగినా, బోల్టు దగ్గర జారినా, అడ్డ తీగ వదులై టైరు మీద పడుతుంది. లావు టైరు బుడిపెలు దాన్ని పట్టి లాగితే ముందు చక్రం అక్కడికక్కడే ఆగిపోతుంది, తొక్కే మనిషి హ్యాండిల్ మీంచి ఎగిరి పడతాడు. టైరు మీద మడ్‌గార్డు ఉంటే, లేదా ఫోర్కుకు రిఫ్లెక్టర్ క్లిప్పు ఉంటే, తీగ దాని మీద ఆగుతుంది. అందం కోసమో, బరువు తగ్గించాలనో ఆ రెంటినీ విప్పేయడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

సైకిలు ఇచ్చాక

మహారాష్ట్రలో మానవ వికాస్ కార్యక్రమం కింద వెనుకబడిన తాలూకాల్లో 8 నుంచి 12 తరగతుల ఆడపిల్లలకు సైకిళ్లు అందుతున్నాయి. గడ్చిరోలి ఆ జిల్లాల్లో ఒకటి. ఆంధ్రప్రదేశ్‌లో ‘బడికొస్తా’ పేరుతో ఆడపిల్లలకు సైకిళ్లిచ్చారు. బీహార్ 2006లో మొదలుపెట్టిన పథకాన్ని ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిషీథ్ ప్రకాశ్ పరిశీలించి, ఉన్నత పాఠశాలలో ఆడపిల్లల చేరిక 32 శాతం పెరిగిందనీ, మగపిల్లలతో ఉన్న అంతరం 40 శాతం తగ్గిందనీ లెక్కగట్టారు. బడి దూరమైన ఊళ్లలోనే ఆ మేలు ఎక్కువ కనిపించింది.

అంత మేలు చేసే బండిని ఇచ్చి, దాని బ్రేకు సంగతి పిల్లకే వదిలేయడం న్యాయం కాదు. రెండో వానాకాలం వచ్చేసరికి షూలు అరుగుతాయి, కేబుల్ తుప్పు పడుతుంది, ముందు బ్రేకు వదులవుతుంది. దాన్ని బిగించరు. ముందు బ్రేకు పడితే బోల్తా పడతామన్న భయం ఇంటింటా ఉంది. కానీ పొడి రోడ్డు మీద సైకిలును ఆపే బలంలో ఎక్కువ పాలు ముందు చక్రానిదే, ఎందుకంటే ఆగేటప్పుడు బరువు ముందుకు వస్తుంది. వెనక బ్రేకు ఒక్కటే పడితే చక్రం జారుతుంది, దూరం పెరుగుతుంది. కంకర మీద, బురదలో రెండింటినీ కలిపి మెల్లగా పట్టాలి. వేగం రెట్టింపైతే ఆపాల్సిన శక్తి నాలుగు రెట్లవుతుంది. ఆలాపల్లి నుంచి ఆష్టి వైపు పోయే రోడ్డు మీద సూర్జాగఢ్ గనుల ఇనుప ఖనిజం లారీల పక్కన సైకిలు తొక్కే పిల్లకు ఈ లెక్క పాఠ్యపుస్తకంలోది కాదు.

కడ్డీ బ్రేకైనా, కాంటిలివరైనా, పవర్ బ్రేకైనా, సైకిళ్లు పంచే రోజున బడి ఆవరణలోనే ఒక గంట బ్రేకు సర్దడం నేర్పడానికి కేటాయించడం సాధ్యమయ్యే పని. సైకిళ్లు బిగించే మెకానిక్ ఎలాగూ అక్కడే ఉంటాడు. ఆయన తెలుగులోనో, మరాఠీలోనో, గోండీలోనో చెబుతూ పిల్లల చేతే ఒక షూ విప్పించి, బిగింపించి చూపితే చాలు. తరగతికొక ఆలెన్ కీ సెట్టు, ఒక పానా బడి బీరువాలో పెట్టవచ్చు. వానలు పడకముందు జూన్‌లో ఒకసారి, దసరా సెలవుల తర్వాత ఒకసారి, బడిలోని సైకిళ్లన్నిటినీ వరుసగా నిలబెట్టి చూడవచ్చు.

కాంటిలివర్ ఉన్నవాళ్లు చూసుకోవాల్సినవి

షూ మీది గాళ్లు కనబడుతున్నాయా? కనబడకపోతే మార్చాలి. రబ్బరులో ఇరుక్కున్న ఇసుక, కంకర ముక్కల్ని సూదితో తీసి, గరుకు కాగితంతో ఒకసారి రుద్దాలి. లేకపోతే అవి రిమ్మును చెక్కేస్తాయి.

నొక్కినప్పుడు షూ మొత్తం రిమ్ము మీదే ఆనాలి. పైన టైరుకు తగిలితే టైరు కోసుకుపోతుంది. కింద సగం గాలిలో ఉంటే చువ్వల్లోకి జారుతుంది.

యోక్‌ను టైరుకు తగలనంత కిందికి దించి, అడ్డ తీగ కోణం 90 డిగ్రీలు, వీలైతే ఇంకాస్త ఎక్కువ ఉండేలా సర్దాలి. లివర్ పూర్తిగా నొక్కినా హ్యాండిల్‌కు తగలకూడదు. తగిలితే యోక్ కాస్త పైకి.

ఒక పక్క షూ మాత్రమే రాసుకుంటుంటే ఆ పక్క స్ప్రింగును బిగించాలి. చాలా రకాల్లో దానికి చిన్న మర ఉంటుంది.

కేబుల్ కొసన ఒక్క పోగు తెగి కనిపించినా కేబుల్ మార్చాలి. ఫోర్కు మీద రిఫ్లెక్టర్ క్లిప్పు, మడ్‌గార్డు రెండూ లేకపోతే ఏదో ఒకటి ఈ వారమే బిగించుకోవాలి.